ఒడి గింజలు

మొన్న తొలకరికి మా తమ్ముడి కొడుకు హిందూపురం నుంచి మొక్కజొన్న విత్తనం తెచ్చి, వసారాలో సంచి మూతి కోశాడు. మందు పట్టించిన గింజలు పెళ్ళిపందిట్లో చల్లే రంగు బియ్యంలా ఎర్రగా మెరుస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి గానీ, వాటి వాసన ముక్కు దాటి గొంతులోకి దిగింది. నోట్లో రాగి కాసు పెట్టుకున్నట్టు నాలుక వగరెక్కింది. లేచి పెరట్లోకి పోయి పుక్కిలించి వచ్చాను. "ఏమత్తా, ఒళ్ళు బాగలేదా?" అని వాడు అడిగాడు. వాడి తప్పేమీ లేదు. ఆ వాసన నా లోపల అరవై ఏళ్ళకు పైగా నిలవ ఉంది.

ఊళ్ళోనే మేనమామ కొడుకును చేసుకున్నందువల్ల పుట్టింటి గడప నాకు ఎన్నడూ దూరం కాలేదు. పరిగి దారిలో మాది చిన్న పల్లె, మెట్ట చేన్లు, జొన్న, కొర్ర, రాగి. నా చిన్నతనంలో విత్తనం సంగతంతా మా అవ్వ చేతిలో ఉండేది. కోతలప్పుడే మంచి కంకులు ఏరి, జడలు వేసి, పొయ్యి పొగ తగిలేలా వంటింటి దూలానికి వేలాడదీసేది. ముంగారు వాన ఒకటి పడి మట్టి వాసన లేవగానే వాటిని దించి, చేత్తో నలిపి, ఆవు పంచితంలో నానబెట్టి, కచ్చిక బూడిదలో పొర్లించి, వేపాకు పరిచిన చాప మీద నీడన ఆరబోసేది. చేతులు ఆడుతున్నంతసేపూ పెదవుల మీద గోవింద నామం ఆడుతుండేది. ఆ గదిలో పొగ, పంచితం, వేపాకు కలిసిన వాసన వేసేది, నాకది గుడి వాసనలాగే ఉండేది. ఆ పూట బెల్లం ఓళిగలు చేసి, మొదటిది ఎద్దులకు పెట్టి, తరువాతే మాకు పెట్టేవాళ్ళు.

అయినా చేన్లో కాటుక తెగులు పడేది. గింజ ఉండాల్సిన చోట నల్లటి పొడి నిండిన కంకులు ఏటా కనిపించేవి. మాకు, పిల్లలకు, అవి ఆటబొమ్మలు. ఆ పొడితో మీసాలు పెట్టుకుని, ఒకరి బుగ్గలకు ఒకరం పూసుకుని, నల్లటి మొహాలతో ఇంటికొచ్చి దెబ్బలు తినేవాళ్ళం. నా జతగత్తె చిట్టెమ్మ, మా చేన్లో విత్తనం వేసే గంగమ్మ కూతురు. గచ్చకాయల ఆటలో దాని చేయి పిట్ట ముక్కులాగా ఉండేది. ఐదు కాయలు ఎగరేస్తే ఐదూ అరచేతిలోనే వాలేవి.

విత్తనం వేయడం ఆడవాళ్ళ పని. మగవాడు గొర్రు తోలుతుంటే, ఆమె పక్కన నడుస్తూ, ఒడిలోని గింజలను గుప్పిట్లోకి తీసుకుని గొర్రు మీది జడ్డిగంలో, అంటే విత్తనం జారే చెక్క గిన్నెలో, వేళ్ళ సందుల్లోంచి సన్నగా వదలాలి. చేను ముగిశాక ఒడిలో మిగిలిన గింజలు ఆమెవి. వాటిని తిరిగి ఇంటికి తేవడం అరిష్టమని, భూదేవి ఆమెకు ఇచ్చిన వంతు అని మా వైపు ఆనవాయితీ. కూలి వేరు, ఒడి గింజలు వేరు. ముంగారు తొలినాళ్ళలో, పాత గింజలు అయిపోయి కొత్తవి రాని వేళ, ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగేది వాటితోనే.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు పెనుకొండ నుంచి సేద్యం సంగతులు చెప్పే సర్కారు గ్రామసేవకుడు ఒకాయన కాటుక తెగులుకు మందని ఒక డబ్బా తెచ్చాడు. లోపల పాదరసం కలిసిన బూడిదరంగు పొడి. డబ్బా మీద పుర్రె బొమ్మ. మా వసారాలో కూర్చుని ఆయన అందరికీ వినబడేలా చెప్పాడు: కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, మిగిలిన గింజలు కోళ్ళకు కూడా వేయరాదు, కడిగినా తినరాదు, గుంత తీసి పూడ్చాలి. మందు మంచిదే. ఆ ఏడు మా చేన్లో ఒక్క నల్ల కంకి లేదు. నా అసహ్యం మందు మీద కాదు.

ఇంటి పెద్ద మా పెద్దనాయన, అవ్వ పెద్దకొడుకు. ఊరి భజన గుడిలో ప్రతి శనివారం తాళాలు పట్టేది, హారతి ఇచ్చేది, పురాణం చదివి అర్థం చెప్పేది ఆయనే. మందు కలిపే రోజు గొర్రు తోలే హనుమంతు కిరసనాయిలు పీపాలో గింజలు పోసి దొర్లిస్తుంటే, ఆయన ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని పొడి తన మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడ్డాడు. అయిపోయాక బావి దగ్గర తలస్నానం చేసి, మడి పంచె కట్టుకుని, వసారా అంతా పంచితం చల్లించి, అప్పుడు గానీ దేవుని గదిలో కాలు పెట్టలేదు.

విత్తనాలు ముగిసిన సాయంత్రం చిట్టెమ్మా నేనూ గట్టు మీదే ఉన్నాం, పక్కనే హనుమంతు ఎద్దులను విప్పుతున్నాడు. గంగమ్మ బరువుగా వేలాడే ఒడిని రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

"అయ్యా, ఇవి మందు గింజలు గదా. ఏం చేసేది?"

"ఒడిలోది ఎనక్కి తీసుకుంటే మా ఇంటికి అరిష్టమే," అన్నాడు పెద్దనాయన. "కడుక్కోని వండుకో. నాలుగు నీళ్ళు పోస్తే యాడుంటాది మందు?"

ఇంట్లో గాదె నిండా మంచి జొన్నలున్నాయి. అవి ఇచ్చి ఇవి పూడిస్తే ఆనవాయితీ నిలిచేది, మనుషులూ నిలిచేవాళ్ళు. ఆయనకు ఆ ఆలోచన రాలేదని నేను నమ్మను.

కొన్నాళ్ళకు గంగమ్మ ఏడుస్తూ మా పెరటి వాకిలికి వచ్చింది. కడిగిన నీళ్ళు తాగిన కోళ్ళు ముందే చచ్చిపోయాయట. ఇప్పుడు చిట్టెమ్మ తిన్నది తిన్నట్టు కక్కుతోంది, నిలబడితే తూలుతోంది.

"నీళ్ళు తేరుకొనేదాకా కడిగినానవ్వా. అయ్య చెప్పినట్టే కడిగినా."

అవ్వకు ఆ రోజే సంగతి తెలిసింది. వెంటనే బండి కట్టించి తల్లీబిడ్డలను హిందూపురం ఆసుపత్రికి పంపింది. తరువాత తనే నడిచిపోయి, గంగమ్మ ఇంట్లో మిగిలిన సంగటి చట్టిని చెంగు కింద పెట్టుకుని, నేరుగా భజన గుడికి వెళ్ళింది. శనివారం, దీపాలు పెట్టే వేళ. నేను అవ్వ కొంగు పట్టుకుని ఉన్నాను. పెద్దనాయన హారతి వెలిగించబోతుంటే, అవ్వ ఆ చట్టిని దేవుని పటం ముందు, గుగ్గిళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇది గంగమ్మ ఇంటి సంగటి, నువ్విచ్చిన గింజలే. సామికి నైవేద్యం పెట్టు నాయనా. తలా ఒక ముద్ద తిందాం. ముందు నువ్వు తిను."

"నీకేమన్నా మతి పోయిందా అమ్మా? మందు గింజల కూడు సామికి పెడతారా? మైల గదా."

తాళాలు ఆగిపోయాయి. గడప బయట కూర్చున్న హనుమంతు గొంతు నింపాదిగా వినిపించింది: "నాలుగు నీళ్ళు పొయ్యి పెద్దప్పా. యాడుంటాది మందు?"

అవ్వ కొడుకు మొహంలోకి చూసి, "బిడ్డ కడుపులో దేవుడు లేడనుకుంటివా?" అంది. చట్టి తీసుకుని వచ్చేసింది. మా పెరట్లో నిమ్మచెట్టు అవతల తనే గుంత తవ్వి దాన్ని పూడ్చింది. పెద్దనాయన వినిపించిన పురాణాలన్నిటి బదులూ అవ్వ అన్న ఆ ఒక్క మాట చాలని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

చిట్టెమ్మ బతికింది. చేయి మాత్రం వణుకుతూనే ఉండిపోయింది. గచ్చకాయలు ఎగరేస్తే కింద పడేవి. కొన్నాళ్ళకు అది ఆటకు రావడం మానేసింది.

పెద్దనాయన మరుసటి రోజు భజన గుడి కడిగించి సంప్రోక్షణ చేశాడు. చట్టి పెట్టిన చోట మైల పడిందట. ఆసుపత్రి వైపు మాత్రం తొంగి చూడలేదు. మరుసటి ఏడు విత్తనాల ముందు ఆనవాయితీ ఎత్తేశాడు. "ఇచ్చినందుకే గదా మాట పడింది. ఇయ్యకుంటే ఏ పాపమూ లేదు," అన్నాడు. మంచి గింజలు బదులివ్వమని అవ్వ అడిగితే విననట్టు లేచిపోయాడు. ఆ ఏటి నుంచి గంగమ్మ చేను ముగిశాక గట్టు మీద నిలబడి, ఒడి విప్పి, చెంగు రెండు కొసలూ పట్టుకుని ఒక్క గింజా దాచలేదని ఆయన చూస్తుండగా విదిలించి, ఉత్త చేతులతో ఇంటికి పోయేది. చుట్టుపక్కల చేన్లవాళ్ళకు కూడా ఆ పద్ధతి నచ్చింది.

ఇప్పుడు ట్రాక్టరు విత్తుతుంది. జడ్డిగం లేదు, దాని పక్కన నడిచే ఆడమనిషి లేదు. ఒడి గింజలంటే ఏమిటని మా పిల్లలు అడుగుతారు. పుట్టింట్లో దేవుని గూట్లో పెద్దనాయన పటం పెట్టారు. మహా భక్తుడని కోడళ్ళు దానికి బొట్టు పెడతారు. శనివారాలు అక్కడ హారతి ఇచ్చేది నేనే. రాముడికి చూపిస్తాను, వేంకటేశ్వరుడికి చూపిస్తాను, చివరనున్న అవ్వ పటానికి చూపిస్తాను. మధ్యలో ఆయన పటం దగ్గరకు వచ్చేసరికి పళ్ళేన్ని కిందికి దించి దాటిస్తాను.