మీడియం నడుము

ఆ దుస్తుల కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె ‘మీడియం’. కొత్తగా కత్తిరించిన ఏ ప్యాంటయినా, ఏ చొక్కా అయినా ముందు ఆమె ఒంటి మీదికే వచ్చేది. కటింగ్ మాస్టర్ టేపు చుట్టి, ఎక్కడ బిగువో ఎక్కడ వదులో చూసి, గుండుసూదులు గుచ్చేవాడు. ఆమెకు సరిపోతే మీడియం సైజు ఖాయమైనట్టే. దాన్నే కాస్త తగ్గించి స్మాలూ, పెంచి లార్జూ చేసేవారు. ఊళ్లో సగం మంది నడుములకు ఈవిడ నడుమే పెద్దదిక్కన్నమాట.

అయితే నడుము చెప్పిన మాట వింటుందా? పెళ్లయి, పిల్ల పుట్టి, ఆ పిల్ల కాలేజీలో చేరేసరికి అది తన దారిన తాను పెరిగింది. కొలత మారితే కంపెనీ ఇంకో మనిషిని చూసుకుంటుంది. భర్త వ్యాపారాలు పెట్టడంలో కంటే మూసెయ్యడంలో దిట్ట కాబట్టి ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. అందుకని నోరు కట్టుకుంది. అదీ చాలకపోయేసరికి, టేపు తగలగానే ఊపిరి లోపలికి పీల్చి, సూదులు గుచ్చడం అయ్యేదాకా బిగబట్టేది. ముఖం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది. అలా ఏళ్లు గడిచాయి.

ఒకరోజు కూతురు బజారు నుంచి ప్యాంటు తెచ్చుకుంది. ఆ కంపెనీదే, మీడియమే. పిల్లది అచ్చం తల్లి ఒడ్డూ పొడుగే. గుండీ పడలేదు.

“ఇచ్చేసి పెద్దది తెచ్చుకోవే” అంది తల్లి.

“ఎందుకూ? లావయింది నేను. తగ్గుతాను.”

ఆ పూట నుంచి పిల్ల కంచం ముందు కూర్చోవడం మానేసింది. వారం తిరిగేసరికి ముఖం పీక్కుపోయింది. తల్లి బతిమాలింది, తిట్టింది.

“నీకేంటమ్మా! పుట్టినప్పట్నుంచీ మీడియమే!” అని కూతురు విసురుగా తలుపేసుకుంది.

తప్పు పిల్ల నడుముది కాదని, తను బిగబట్టిన ఊపిరిదని ఆమెకు తెలుసు. చెప్పబోయింది, సిగ్గేసి నోరు రాలేదు. ముందు ఆ తప్పు దిద్దాలనుకుంది.

మర్నాడు మాస్టర్ టేపు చుట్టగానే ఆమె మామూలుగా ఊపిరి తీసి వదిలింది. టేపు ఆయన వేళ్లలోంచి జారింది.

“అదేంటమ్మా, వదిలేశావ్? బిగబట్టు.”

ఆమె తెల్లబోయింది. “మీకు తెలుసా మాస్టారూ?”

“టేపు పట్టేవాణ్ని, నాకు తెలీదా? సన్నగా ఉంటేనే పైవాళ్లకి నచ్చుతుంది. నీకూ జరిగిపోతోంది, నాకూ జరిగిపోతోంది. ఊఁ, పీల్చు.”

“పీల్చను. వేసుకునేవాళ్లు తింటారు, కూర్చుంటారు. ఉన్న నడుముకే కట్ చెయ్యండి.”

మాస్టర్ చెడ్డవాడేమీ కాదు. గొణుక్కుంటూనే ఉన్న కొలత పైకి పంపాడు. పైవాళ్లు కొలతను మార్చలేదు, మనిషిని మార్చారు. సాయంత్రానికల్లా ఆమెను తక్కువ జీతానికి బట్టలు మడతపెట్టే గదిలోకి తోసేశారు.

ఆమెకు ఏడుపొచ్చింది. అయినా గుండె తేలికగానే ఉంది. కూతురికి చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కుంటూ ఇల్లు చేరింది.

గుమ్మంలోనే కూతురు ఎదురొచ్చింది, ఆ ప్యాంటు వేసుకుని. గుండీ పడింది. పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. చూడమన్నట్టు చేతులు చాపి గిర్రున తిరిగింది. నోటి వెంట మాత్రం ఒక్క మాటా రాలేదు.

“ఊపిరి వదులు తల్లీ” అంది ఆమె.

కూతురు తల అడ్డంగా ఊపింది.