నూనె వాసన మారిన రోజులు

నేను పుట్టిన ఇల్లు, మెట్టిన ఇల్లు రెండూ నూనె వాసన కొట్టేవే. తేలియా రుమాళ్లు నేసే మా నల్గొండ వైపు ఇళ్లలో నూలును ముందు నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో పిసికి ఎండేస్తారు. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది అమ్మ కొంగు వాసన.

పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. ఒకసారి నెల తప్పకముందే ఆత్రపడి, మందుల దుకాణంలో గర్భం తెలిపే కిట్టు కొని చూసుకున్నాను. ఒక్కటే గీత. చూలు లేదు కానీ, మనసులో కొడుకు పేరు సోమలింగం అప్పటికే పెట్టేసుకున్నాను. స్నానాల గదిలో నల్లా విప్పి, ఆ నీళ్ల చప్పుడు మాటున ఏడ్చాను.

సంగతి చెబితే మా వాడకట్టు ఆశ వర్కర్ అక్క మందలించింది. "గంత తొందరైతే ఎట్ల చెల్లె? తేదీ దాటినంక ఓ వారమన్న ఆగు. పొద్దుగాల లేవంగనే మొదటిసారి పోసేదాంతోని చూడు."

ఆ తరువాతి వానాకాలంలో కొన్ని రోజులు కలలా గడిచాయి. మగ్గం ముందు కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చేది. అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడు నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టుండేది. రవిక తగిలినా రొమ్ములు సలిపేవి, చాయ్ సయించేది కాదు. తేదీ దాటినా, ఇదంతా ముసురుకు వచ్చిన అలసటే అనుకున్నాను. మళ్లీ ఆశపడాలంటే భయం.

ఒక పొద్దున నూలు తొట్టి దగ్గరికి పోగానే కడుపులో తిప్పింది. మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఏందయ్యా, గీ మురిగిన నూనె తెచ్చినవ్? గా షావుకారి ముఖాన కొట్టిరాపో!"

పాపం, తగువాడి ఇంకో డబ్బా తెచ్చాడు. అదీ అదే కంపు. అత్తమ్మ వేలు ముంచి వాసన చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

"నూనె మంచిగనే ఉంది బిడ్డా," అని తొట్టిని పెరట్లోకి ఈడ్చుకుపోయింది.

ఈసారి ఆగాను. వారం దాటాక, తెల్లవారుతూనే చూసుకున్నాను. మొదటి గీత వచ్చింది. రెండోది నూలుకు రంగు ఎక్కినట్టు మెల్లగా ఎక్కింది.

బయట అత్తమ్మ వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఆపింది.

"అత్తమ్మా, నూనె మంచిదే," అన్నాను.

చీపురు అక్కడే పడేసి వచ్చి, నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతుల నిండా అదే వాసన. కడుపులో దేవింది. అయినా నేను ముఖం పక్కకు తీయలేదు.