బంబంగా ఉప్పు సరస్సు దగ్గర ఆంటీకి చెప్పిన రంగు

ఈ ప్రయాణం రాజేశ్వరి ఆంటీ అడగబట్టి మొదలైంది. ఆవిడ అడిలైడ్‌లోని మాసన్ లేక్స్‌లో మా వెనక వీధిలో ఉంటారు. నలభై ఏళ్ల కిందట విజయనగరం నుంచి వచ్చి, ఇక్కడే చదువుకుని, భూగర్భశాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యారు. నేను పగలు యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసుకుంటాను. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, పొద్దున ఎనిమిది దాటితే ఇల్లు పెనంలా కాలుతుంది కాబట్టి ఐదింటికే లేచి, వంటగది కిటికీ తెరిచి, ఏడున్నర దాకా రాస్తాను. రాసింది శనివారం ఆంటీకి చదివి వినిపిస్తాను. రెండేళ్లుగా ఆవిడకి ఎదురుగా ఉన్నది మసకే. చూపు అంచుల్లో మాత్రం వెలుగూ నీడా కాస్త తెలుస్తాయి.

సముద్రం ఇంకిపోయిన ఒక గ్రహం గురించి నవల రాస్తున్నాను. పదకొండో అధ్యాయం చదువుతుంటే ఆంటీ మధ్యలో ఆపారు. “నీ సముద్రం అడుగంతా బూడిదలా ఉందేటే? ఉప్పు నేల మీద ఎప్పుడైనా నడిచావా?” లేదన్నాను. “అయితే నన్ను బంబంగా సరస్సుకి తీసుకెళ్లు. పింక్ కలర్ నీళ్లు. నా ఫస్ట్ ఫీల్డ్ ట్రిప్ అక్కడికే. నువ్వు చూసి చెబుదువుగాని, నేను వింటాను.”

ఆదివారం ఉదయం ఆరింటికి బయల్దేరాం. పోర్ట్ వేక్‌ఫీల్డ్ రోడ్ మీద తిన్నగా ఉత్తరానికి వెళ్లడమే. పోర్ట్ వేక్‌ఫీల్డ్ ఊరు దాటాక పోర్ట్ అగస్టా వైపు హైవే పట్టుకుంటే లోకీల్ అనే చిన్న ఊరు, దాని పక్కనే సరస్సు. మొత్తం గంటన్నర. రానూపోనూ పెట్రోలుకి నలభై డాలర్లు చాలు. ఆంటీ దిబ్బరొట్టె చేసి తెచ్చారు. దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

“ఎడమ పక్కన ఏముంది?”

“కోసేసిన గోధుమ చేలు ఆంటీ.”

“ఏ రంగు?”

“పసుపు.”

“పసుపంటే ఏ పసుపు? రైటర్‌వి కదా, చెప్పు.”

“మామూలు పసుపే ఆంటీ” అన్నాను.

పోర్ట్ వేక్‌ఫీల్డ్‌లో కాఫీకి ఆగాం. ఆంటీ కారులోనే ఉన్నారు. సరస్సు ఎలా ఉందని కౌంటర్ దగ్గర ఉన్నావిడని అడిగాను. “ఓ డియర్, ఇప్పుడు నీళ్లెక్కడివి? ఎండి తెల్లగా అయిపోయింది. పింక్ కావాలంటే వింటర్ వానలు పడ్డాక రండి” అంది. రెండు కాఫీలు పట్టుకుని కారు దాకా నడుస్తూ ఈ మాట చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. ఆంటీ దువ్వెన తీసి జుట్టు సరిచేసుకుంటున్నారు. చెప్పలేదు.

పావుతక్కువ ఎనిమిదికి చేరాం. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుని గట్టు దిగారు. ఎదురుగా కనుచూపు మేర తెలుపు. “ఎలా ఉంది మాధవీ?” అన్నారు. ఆ మొహంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు.

“పింకే ఆంటీ. దూరంగా నీళ్లు కూడా ఉన్నాయి.”

ఆవిడ నవ్వి నాలుగడుగులు వేశారు. కాళ్ల కింద ఉప్పు పెళ్లలు పెటపెటలాడాయి. ఆగి, వంగి, ఒక పెళ్ల తీసి వేళ్లతో నలిపారు. నవ్వు పోయింది.

“నీళ్లు ఆరి వారాలయింది. నాకు పక్కల నుంచి కనిపిస్తున్నది తెలుపే. పింక్ ఎక్కడిదే?”

“మీరు బాధపడతారని...”

“నీ కథల్లో ఎన్ని గ్రహాలైనా పుట్టించు. ఇక్కడ నువ్వు చెప్పిందే కదా నేను చూసేది. అదీ అబద్ధమైతే నాకింకేం మిగులుతుంది?”

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. సారీ చెప్పి, చాలాసేపు చూసి, అప్పుడు మొదలుపెట్టాను. కాళ్ల దగ్గర బియ్యం కడిగిన నీళ్ల తెలుపు. పది అడుగుల అవతల పెళ్లల అంచులు లేచి, అప్పడాలు పరిచినట్టు. ఆ పైన కళ్లు చికిలించాల్సినంత తెలుపు. కొండల కింద సన్నటి నీలం గీత. నీళ్లలా కనిపిస్తోంది కానీ నీళ్లు కాదు. ఆంటీ తలూపుతూ విన్నారు.

“ఆ ఫస్ట్ ట్రిప్ రోజు బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే,” అన్నారు. “అందరూ వ్యాన్ ఎక్కేశాక, షూస్ విప్పి ఆ పింక్ నీళ్లలో నించున్నాను. ఈ దేశంలో ఉండిపోగలనని అప్పుడే అనిపించింది. ఆ రంగు ఇంకొక్కసారి చూడాలని ఉంది. అంతే.”

సెప్టెంబర్‌లో మళ్లీ వద్దామన్నాను. “వద్దాం. అప్పటికి నా చూపుకి ఈ అంచులైనా ఉంటాయో లేదో” అన్నారు, కూరగాయల ధర గురించి మాట్లాడినంత మామూలుగా. కారులో ఏసీ వేసుకుని దిబ్బరొట్టె తిన్నాం. పదిన్నరకల్లా ఇంట్లో ఉన్నాం. అప్పటికే ముప్పై ఎనిమిది డిగ్రీలు.

తర్వాతి వారమంతా పొద్దున్నే కూర్చుని ఆ అధ్యాయం మొదటి నుంచీ రాశాను. లేనిదాన్ని ఊహించడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఉన్నదాన్ని, అదీ ఒకరు కోరుకున్నది కానప్పుడు, ఉన్నట్టు చెప్పడం ఆ ఉప్పు నేల మీదే మొదటిసారి చేశాను. ఆంటీ చూడాలనుకున్న రంగు నేనింకా చూడలేదు. ఇప్పుడు అది నాక్కూడా కావాలి.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సూచన. చూపు తగ్గినవాళ్లతో వెళ్తే వాళ్ల చెయ్యి మీరు పట్టుకుని లాగకండి, మీ మోచెయ్యి వాళ్లకివ్వండి. అరడుగు వెనకగా నడుస్తారు. ఎక్కడ ఆగాలో వాళ్లే చెబుతారు.