మా ఇంటి నాలుగు ఓట్లు

ఢిల్లీలో మూడోసారి కూడా అదే పార్టీ గెలిచిన మర్నాడు, మొయినాబాద్ చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్లో విన్న కారణాలన్నీ డైరీలో వరుసగా రాసుకున్నాను. మిషన్లు మార్చారని ఒకాయన అన్నాడు. దేవుణ్ని అడ్డం పెట్టుకున్నారని ఇంకొకాయన. చదువుకున్నవాళ్లు ఓటు వేయడానికి రాకపోవడమే దేశానికి పట్టిన చీడ అని మూడో ఆయన. ఈ మూడో ఆయన పోలింగ్ రోజున ఓటు వేయకుండా పెళ్లికి వెళ్లాడు. అది కూడా నా డైరీలో ఉంది. ఐదేళ్ల కిందటి డైరీ తీస్తే అవే కారణాలు, అదే బల్ల, దాదాపు అవే నోళ్లు. పదేళ్ల కిందటిది తీయడం దండగ అనిపించింది. అలవాటు కొద్దీ తీశాను. దండగే అయింది.

నేను భూమి కొలతల శాఖలో గొలుసు పట్టే పనితో చేరి సర్వేయరుగా రిటైరయ్యాను. అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి ఒట్టేసి చెప్పినా సరే, గొలుసు లాగకుండా హద్దు రాయకూడదని పాతవాళ్లు నేర్పారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఆ మాట తప్పలేదు. ఆఫీసు బయట ఎంత తప్పానో ఈ వయసులో తెలిసింది.

మాది సురంగల్. మా ఊరి బూత్‌లో ఓడిపోయిన పార్టీకి ఏజెంటుగా కూర్చునే మనిషి చేవెళ్ల హైస్కూల్లో నాకంటే రెండు తరగతులు చిన్న. మీసం వచ్చినప్పటి నుంచి ఆ కుర్చీ అతనిదే. జీతం లేని కొలువు. అయినా ఊళ్లో అతన్ని నలుగురు పిలిచి మాట్లాడేది ఆ కుర్చీ వల్లనే. ఫలితాలు వచ్చిన వారానికి ఓటర్ల జాబితా చంకలో పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, చేవెళ్ల ఫంక్షన్ హాల్ల మీటింగ్ పెట్టిండ్రు. ఎందుకు ఓడినమో ఒక్కొక్కడు లేచి చెప్పాల్నట. ఓట్లు తక్కువ పడ్డ కాడ ఏజెంట్లను మారుస్తరట. నా కుర్చీ పోయేటట్టున్నది."

"నన్నేం చేయమంటవ్ తమ్మీ?"

"నీ డైరీలల్ల ఉంటది గద, జర సూడు. ముప్పై ఏండ్ల సంది రాస్తివి, గిదొక్కటి దొరకదా?"

ముందు అతని జాబితా చూశాను. అందులో టిక్కులు మనిషికి ఒకటి చొప్పున లేవు, ఇంటికి ఒకటి చొప్పున ఉన్నాయి. మా వైపు పద్ధతి ఇదే. ఎన్నికల ముందు ఇంటింటికీ వెళ్లి, గేటు దగ్గర నిలబడి, ఇంటి పెద్దను "అన్నా, మనయే గదా?" అంటారు. ఆయన "మనయే తియ్యి" అంటాడు. ఆ ఇంట్లో ఎన్ని ఓట్లుంటే అన్నింటికీ కలిపి ఒక గీత గీసి పక్కింటికి పోతారు. అతని టిక్కుల ప్రకారం మా ఊళ్లో ఆ పార్టీ ఎప్పుడూ ఓడిపోలేదు. మిషన్ ప్రకారం మూడుసార్లుగా ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ ఓడిపోయింది. అంటే మా ఊరి పెద్దమనుషుల్లో సగం మంది అబద్ధాలకోర్లు అయినా కావాలి, సగం మందికి ఇంట్లో పెద్దరికం లేకనైనా పోవాలి.

మా ఇంటి పక్కన నాలుగు ఓట్లకు ఒక టిక్కు ఉంది. నా డైరీలో కూడా మూడు పోలింగ్ రోజుల కింద ఒకటే వాక్యం: "మన ఇంట్లో నాలుగూ ఒక్కదానికే. ఏజెంటు తమ్ముడికి చెప్పాను." ఎవరిని అడిగి చెప్పానని వెతికాను. ఎక్కడా రాసిలేదు. రోజూ ఎన్ని గంటలకు కరెంటు పోయిందో రాసే మనిషిని నేను.

లేచి వంటింట్లోకి వెళ్లాను. నా భార్య చింతచిగురు ఏరుతోంది.

"మొన్న ఓటు దేనికేసినవ్?"

"గిప్పుడు యాదికొచ్చిందా?" అని, తల ఎత్తకుండానే గెలిచిన పార్టీ గుర్తు చెప్పింది.

"అంతకుముందు?"

"దానికే. మొదటిసారి మాత్రం నువ్వు చెప్పినదానికే ఏసిన. అటెన్క నన్నెవలన్న అడిగిండ్రా?"

వసారాలోంచి మావాడు, అదే మా ఏజెంటు, అరిచాడు: "వదినె, గంత అన్నాయమా! నేను ప్రతిసారి రాలేదా?"

"వచ్చినవ్ మరిది. గేటు కాడికొచ్చి మీ అన్ననడిగి పోయినవ్. చాయ్ పెట్టేలోపు పక్కింట్ల ఉంటివి. నా ఓటు మీ అన్న జేబుల ఉన్నదనుకున్నవా?"

లోపలికి వచ్చి అడిగింది ఎవరంటే, పక్క వీధిలో ఉండే ఒకావిడ. గెలిచిన పార్టీ వాళ్లు ఓటర్ల జాబితాలో ఒక్క పేజీ ఆమెకు అప్పగించారట. ఊరు ఏమైనా ఆమెకు పట్టదు, ఆ పేజీలో ఉన్నవాళ్లే ఆమె పని. మా ఆవిడ మోకాలు వాచినప్పుడు చేవెళ్ల దవాఖానకు తోడు వెళ్లింది ఆమే. నేను ఆ రోజు ఎక్కడున్నానో డైరీ చూస్తే తెలిసింది: మొయినాబాద్ చాయ్ హోటల్లో, దేశం ఎటు పోతోందని చర్చలో. పాత డైరీలు తిరగేస్తే ఆమె నెలనెలా కనబడింది. "పక్క వీధి ఆవిడ వచ్చింది. చాయ్ తాగింది. వెళ్లింది." ఎన్నికలున్న నెలా అంతే, లేని నెలా అంతే. ఆడవాళ్ల ముచ్చట్లని అంతకుమించి రాయలేదు.

గెలిచినవాళ్లను మెచ్చుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆవిడ మా ఆవిడ ఫోన్‌కు పంపిన ముచ్చట్లను నేను సరిచూశాను. సగానికి పైగా పచ్చి అబద్ధాలు. మా ఇంటి ముందు మురుగు మోరీ మొదటి ఎన్నికప్పుడు ఎట్లా పొంగేదో మూడో ఎన్నికప్పుడూ అట్లాగే పొంగుతోంది. ఒకరు పని చేయకుండా వచ్చి మోకాలి నొప్పి అడిగి గెలుస్తున్నారు. ఇంకొకరు పని చేయకుండా, ఇంట్లోకి కూడా రాకుండా, ప్రజలకు బుద్ధి లేదంటున్నారు. అంతే తేడా. దీనికి పెద్ద పెద్ద మేధావులు టీవీల్లో కూర్చొని గొంతులు చించుకుంటున్నారు.

మా అబ్బాయి దొంతన్‌పల్లిలో కాలేజీ క్యాంపస్‌లో ఎలక్ట్రీషియన్. సాయంత్రం వాడినీ, కోడలినీ అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారు. నాలుగు ఓట్లలో నేను హామీ ఇవ్వగలిగింది ఒక్కటే అని తేలింది. ఏజెంటు మావాడు కూడా తన ఇంటికి పోయి అడిగాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "మా ఇంట్ల గూడ నాలుగిట్ల నాదొక్కటేనే అన్నా" అని అరుగు మీద కూలబడ్డాడు.

ఇక గొలుసు లాగాల్సిందే అనుకున్నాం. ఐదు రోజులు ఊరంతా తిరిగాం. ఇంటి పెద్దను కాదు, ఇంట్లో ఓటున్న ప్రతి మనిషినీ విడిగా అడిగాం. దేనికి వేశారని కాదు. ఐదేళ్లలో మీ ఇంట్లోకి ఎవరు వచ్చారు, ఏమడిగారు అని. ఒక ముసలాయన నామీద మండిపడ్డాడు.

"నా ఇంట్ల నన్ను కాదని ఎవలేస్తరు? నన్నడిగినవ్, అయిపాయె. ఆడోళ్లనెందుకు అడుగుడు?"

ఆయన వెనక తలుపు దగ్గర నిలబడిన కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకు తప్ప అందరికీ ఆ నవ్వు కనబడింది.

ఇంటింటి వివరం శుభ్రంగా కాగితాల మీద రాసి ఇచ్చాను. మీటింగుకు నేను కూడా తోడు వెళ్లాను. పట్నం నుంచి రావాల్సిన నాయకుడు మూడు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు: మిషన్లు, దేవుడు, చదువుకున్నవాళ్లు. నాయకుడు తల ఊపుతున్నాడు. మావాడి వంతు వచ్చింది. కాగితాలు పట్టుకొని లేచాడు.

"సార్, మిషన్ల తప్పేం లేదు. మా ఇంట్లనే నాలుగోట్లల్ల మూడు వాళ్లకు పడ్డయ్. మేం గేటు దాటి లోపలికి పోలేదు సార్. వాళ్లు వంటింట్లకు పోయిండ్రు. ఇంటింటి ముచ్చట రాసుకొచ్చిన, జర సూడుండ్రి."

హాలంతా పగలబడి నవ్వింది. నాయకుడు కూడా నవ్వాడు.

"ఇంట్లోళ్లనే ఆపలేనోడివి, ఊరినేం ఆపుతవ్ కాకా?"

కాగితాలు అందుకోవడానికి ఆయన చెయ్యి చాపలేదు. పక్కనున్న మనిషి "ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టు కాకా" అన్నాడు. అక్కడికక్కడే మా బూత్ కొత్త ఏజెంటును ప్రకటించారు. అతను ప్లాట్లు అమ్ముతాడు, సభలకు పది కార్లు తేగలడు. ఓటు మాత్రం మా ఊళ్లో లేదు. తర్వాత భోజనాలకు లేవమన్నారు. మావాడు తినలేదు. నేను తిన్నాను. ఆ సభలో సరిగ్గా జరిగిన పని బిర్యానీ ఒక్కటే.

పది రోజులకు నేను మావాడి ఇంట్లో కూర్చొని ఉండగా గెలిచిన పార్టీ మనిషి వచ్చాడు. మొయినాబాద్‌లో పురుగుమందుల దుకాణం అతనిది. గేటు దగ్గర ఆగలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, "అమ్మా, బీపీ గోలీలు ఏసుకుంటున్నవా?" అని మావాడి భార్యను పలకరించి, వచ్చి మా పక్కన మంచం మీద కూర్చున్నాడు. సంచిలోంచి తమ పార్టీ కండువా తీశాడు.

"అన్నా, వాళ్లు నిన్ను ఇజ్జత్ తీసి పంపిండ్రట. మాతోటి రారాదు?"

"నాతోటి మీకేం పని? నాకేమన్న ఓట్లున్నయా?"

"అన్నా, ఈ ఇంట్ల మూడు మాయే. నువ్వొక్కడివే మిగిలినవ్."

మావాడు ఆ కండువా వైపు చూశాడు. లోపలి నుంచి గిన్నెల చప్పుడు ఆగింది. అందరూ వింటున్నారు.

"ఆ ఒక్కటన్న నాకు మిగలనియ్ తమ్మీ," అన్నాడు.

వచ్చినవాడు నొచ్చుకోలేదు. కండువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. చాయ్ వచ్చేదాకా కూర్చొని, తాగి, గ్లాసు తనే వంటింట్లో పెట్టి వచ్చాడు.

"ఫికర్ లేదన్నా, వచ్చే నెల మల్లొస్త," అన్నాడు.

వచ్చాడు కూడా.