అమ్ముడుపోయిన అరచేయి

మార్చి ఆఖరి శనివారం, తిరువూరులో మా మనవరాలి యూకేజీ పట్టా వేడుక. ఆ ఖర్చు కోసం బడివాళ్లు ప్లాస్టర్ పలకల మీద పిల్లల అరచేతి అచ్చులు తీసి, ఒక్కొక్కటి మూడువందల యాభైకి అమ్మారు. "ఇష్టమైతేనే కొనండి" అన్నారు కనుక నేను వద్దన్నాను.

తీరా వేడుక రోజు బడిలో బల్ల మీద ఆ చిట్టి చేతులు చూశాక మనసాగలేదు. డబ్బు తీశాను.

"మీ పాపది అమ్ముడుపోయిందండి" అంది టీచర్.

నిర్ఘాంతపోయాను. మా పిల్ల చేతిని పరాయివాళ్లెవరు కొంటారు?

బడి ఆయా తన సంచిలోంచి పలక తీసి చూపించింది. "మీరొద్దన్నారంటగా అమ్మగారూ! రెండేళ్లు ఈ చెయ్యి కడిగింది నేనేగా, కొనుక్కున్నా."

రెట్టింపు ఇస్తానన్నాను.

"నేనమ్మనండి" అని కొంగులో చుట్టుకుంది.

ఆరోజు మిగిలిన మూడువందల యాభై నా పర్సులోనే ఉంది. ఖర్చు పెట్టడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.