‘కీప్’ అనే మాటకు రెండు మూరల కాగితం

ఈమధ్య చెప్పులు కొంటే అట్టపెట్టె ఇవ్వడం మానేశారు. పోయిన వారం వాషర్‌మెన్‌పేటలో ఒక అంగడికి వెళ్ళి, నా కాళ్ళకు సరిపోయే జత కాకుండా పెట్టెతో సహా ఇచ్చే జత ఏదో అది చూపించమని అడిగితే, అమ్మే ఆయన నా కాళ్ళవంకా ముఖంవంకా మార్చి మార్చి చూసి, పరుగెత్తే యువకుడి బొమ్మ ఉన్న సంచీ ఒకటి చేతికిచ్చాడు. ఈ మోకాళ్ళతో ఆ సంచీ పట్టుకుని వీధిలో నడిస్తే జనాన్ని మోసం చేసినట్టవుతుందని చెప్పాను. ఎట్టకేలకు లోపలినుంచి మూత ఒక పక్క చినిగిన పెట్టె తెచ్చి, ఇది తీసుకుంటే చెప్పులు మార్చి ఇచ్చేది లేదని తమిళంలో హెచ్చరించాడు. నాకు కావలసింది పెట్టే గనుక ఒప్పుకున్నాను. చెప్పులు కొంచెం కరుస్తున్నాయి.

మన ఈడువాళ్ళకు చెప్పులపెట్టె విలువ చెప్పనక్కరలేదు. పరీక్షలు ప్యాసైన కాగితాలు, నడవని గడియారాలు, తెగిన పూసలు, ఎవరివో గుర్తులేని ఫొటోలు, అన్నీ వాటిలోనే కదా బతికాయి. నా దగ్గర ఉన్న పెట్టెలో చీటీలు ఉండేవి. మొన్నటి వానలకు కింది అంతస్తులోకి నీళ్ళు వచ్చి పెట్టె అడుగు ఊడిపోయింది. చీటీలు మాత్రం సిరా కాస్త అలుక్కుపోయినా బతికి బయటపడ్డాయి. వాటిని ఫ్యాను కింద ఆరబెడుతుంటే మనవడు వచ్చి, నూటికి దగ్గరగా ఉన్న ఆ చీటీలన్నిటి మీదా ‘కీప్’ అన్న ఇంగ్లీషు మాట ఒక్కటే ఉండటం చూసి, ఇదంతా ఒక్క మాటకేనా తాతా అని తమిళంలో అడిగాడు. జవాబు చెబుదామని నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోపల ఫోనులో ఆ మాట కొట్టి, దాని అర్థాలన్నీ నా ముందు పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. ఆ చీటీలు రాసిన మనిషికి రెండేళ్ళు పట్టింది.

బి.ఏ. ఇంగ్లీషు చదివి, ఆ చదువుకు ఏ ఉద్యోగం వస్తుందో మా కాలేజీలో పాఠం చెప్పినవాళ్ళకు కూడా తెలియక, పాత నగరంలో ఒక అచ్చాఫీసు మేడమీద చేరాను. ఆఫీసు యజమానిది మిరపకాయల టోకు వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. ఆయన్ని అందరిలాగే నేనూ మొదలాళి అనేవాణ్ణి. బడిపిల్లలకు ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఒకటి వెయ్యాలన్నది ఆయన కోరిక. దానికోసం రైల్వే బడిలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దాయన ఒకరిని పెట్టుకుని, ఆయనకు తోడుగా నన్ను తీసుకున్నాడు. తోడు అంటే, చీటీలు వరస పెట్టడం, పై అరల్లోంచి పెట్టెలు దించడం, మధ్యాహ్నం ఇద్దరికీ కాఫీ తెప్పించడం. నా డిగ్రీ అందుకు అడ్డం రాలేదు.

పెద్దాయన పనిచేసే పద్ధతి వేరు. ఇతర డిక్షనరీలు చూసి రాయడం ఆయనకు ఇంకొకరి ఎంగిలి ముట్టినట్టు ఉండేది. జేబులో చీటీలు పెట్టుకుని, వ్యాసర్పాడిలో తన ఇంటినుంచి నడిచి వస్తూ, పెరంబూరు వర్క్‌షాపు వాళ్ళతో టీ తాగుతూ, రైలుపెట్టెలో పక్కవాళ్ళ మాటలు వింటూ, ఎక్కడ ఏ ఇంగ్లీషు మాట ఏ అర్థంలో చెవిన పడితే అక్కడే ఆగి రాసుకునేవాడు. ఆఫీసుకొచ్చాక ఆ చీటీ మీద తెలుగు రాసి చెప్పులపెట్టెలో వేసేవాడు. ఒక్కో పెట్టె ఒక్కో అక్షరానికి. ‘కీప్’ ఒక్కదానికి మాత్రం సొంత పెట్టె కావలసి వచ్చింది.

ఎందుకంటే ఆ మాట ఒక చోట కుదురుగా ఉండేది కాదు. కుక్కను కీప్ చేస్తే సాకడం, మాటను కీప్ చేస్తే నిలుపుకోవడం, అంగడిని కీప్ చేస్తే నడపడం, చెడు సావాసాన్ని కీప్ చేస్తే చెడిపోవడం. పాల బూత్ దగ్గర ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ, ఈ పాలు రేపటిదాకా కీప్ కావు అందట. దానికి ‘నిలవ ఉండవు’ అని రాయాలా, మన ఇళ్ళలో అన్నట్టు ‘ఆగవు’ అని రాయాలా అని మూడు వారాలు ఆలోచించి, చివరికి రెండూ రాశాడు. చిల్లర నువ్వే కీప్ చేసుకో అన్న చీటీ అడుగున, ‘విన్నాను, నాతో ఎవరూ అనలేదు’ అని ఉంటుంది. మగవాడు పెళ్ళాం కాని మనిషిని కీప్ చేయడం గురించిన చీటీని మాత్రం చీమతలకాయంత అక్షరాలతో రాసి, పెట్టె అడుగున పెట్టి, అది నువ్వే చూసుకో అబ్బయ్యా అన్నాడు. నాకప్పటికి పెళ్ళి కాలేదు.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన చీటీ ఒకటుంది. పెరంబూరులో ముసలి రైలు గార్డు ఒకాయన రోజూ పొద్దున ఎదురైనప్పుడు, హౌ ఆర్ యూ కీపింగ్ అని పలకరించేవాడట. దానికి తెలుగుగా ‘ఒళ్ళెట్లుండాది’ అని రాసి, కొట్టేసి, ‘బాగుండావా’ అని రాసి, దాన్నీ కొట్టేసి, చాలారోజులు ఖాళీగా ఉంచాడు.

ఆ ఖాళీ నిండకముందే ఆయన చూపు తగ్గడం మొదలైంది. కంటినరం ఎండిపోతోంది, చేసేదేమీ లేదు అన్నారట ఆస్పత్రిలో. ఆయన దాన్ని రైలు ఆలస్యం కబురులాగా చెప్పాడు. తక్కిన అక్షరాలు ఎవరైనా చేసుకోండి, ఈ ఒక్క మాట మాత్రం ఒక చీటీ కూడా పోకుండా అచ్చులో చూస్తాను, ఆ తర్వాత ఇంట్లో కూర్చుంటాను అన్నాడు. చూస్తాను అనే అన్నాడు. అప్పటికే నేను చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తున్నాను.

ప్రూఫులు దిద్దే తీరు ఇప్పటివాళ్ళకు తెలియదు కనుక చెబుతాను. కంపోజింగ్ అయిన మాటలను పొడవాటి కాగితపు పట్టీ మీద అచ్చు తీసి పైకి పంపేవాళ్ళు. పెద్ద మాటలకైతే ఒక్కో మాటకు ఒక్కో పట్టీ. ఆ పట్టీ పట్టుకుని నేను కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి, ఆయన విని తప్పులు చెప్పాలి. అంతా అయ్యాక పట్టీ అడుగున ఆయన సంతకం పెడితేనే కిందివాళ్ళు ముట్టుకునేవాళ్ళు. మా ఆఫీసులో పనిని పేజీల్లో కొలిచేవాళ్ళం కాదు. ఈ పొద్దు మూరెడు అయింది, నిన్న జానెడే అయింది అనుకునేవాళ్ళం. ‘కీప్’ రెండు మూరలు వస్తుందని ఆయన లెక్క. ఇంటిదగ్గర భార్యకు కూడా చెప్పుకున్నాడు.

ఒకరోజు మొదలాళి నన్ను కిందికి పిలిచాడు. మిరపకాయల ఘాటుకు అలవాటు పడిన మనిషి, కోప్పడేవాడు కాదు. ‘కీప్ అంటే ఉంచుకో. ఇంకేముండాదిరా ఆడ? పిల్లకాయలకి నాలుగు అర్థాలు చాలు. నువ్వు కొట్టేస్తావా, నన్ను కొట్టేయమంటావా?’ అన్నాడు. ఆయన చేతికిస్తే చీటీలే పోతాయని నాకు నేను చెప్పుకున్నాను. నా ఉద్యోగం ఖాయమయ్యేది ఆ నెలలోనే అన్న సంగతి మీకు చెబుతున్నాను. పైకి వచ్చి, పెద్దాయన కాఫీ తాగుతూ ఉండగా, ఎదురుగా కూర్చుని, కంపోజింగుకు పంపే ప్రతిలో ఎర్ర పెన్సిలుతో ఆ మాటను నాలుగు అర్థాలకు దించాను. పాలు పోయాయి, కుక్క పోయింది, గార్డు పలకరింపు పోయింది. ఏం చేస్తున్నావు అని అడిగితే, వరస పెడుతున్నాను అన్నాను.

చెప్పాలనే అనుకున్నాను. రేపు చెబుదాం, భోజనమయ్యాక చెబుదాం అనుకుంటూ ఉండగానే ప్రూఫు వచ్చేసింది. ఆయన ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, చదువు అన్నాడు. నేను ప్రూఫు ఒళ్ళో పెట్టుకుని, పెట్టెలోంచి చీటీలు తీసి, ఒక్కటీ వదలకుండా చదివాను. కామా, సెమికోలన్, ఫుల్‌స్టాప్. మధ్యలో ఒకటి రెండు తప్పులు కూడా కల్పించి చదివాను, నిజమైన ప్రూఫులాగా ఉంటుందని. ఆయన వాటిని పట్టుకుని దిద్దించాడు. గార్డు చీటీ దగ్గర ఖాళీ ఉంది కదా, అక్కడ నా నోటికి వచ్చింది ‘ఎట్లుండావు’ అని చదివితే, ఆయన దాన్ని ఒకసారి తనూ అని చూసుకుని, ఉండనీ అన్నాడు. గంట పట్టింది.

అయ్యాక, ఇటివ్వు సంతకం పెడతాను అన్నాడు. ఇచ్చాను. పట్టీ పైఅంచు ఎడమచేత్తో పట్టుకుని, కుడి అరచెయ్యి కాగితం మీద ఆనించి మెల్లగా కిందికి తెచ్చాడు. చెయ్యి తొందరగానే ఆగింది. ఆగినచోటే సంతకం పెట్టి, కాగితం నాకిచ్చి, బాగా చదివినావు అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. ఆ వయసులో మనకు అన్నీ మెచ్చుకోళ్ళలాగే వినిపిస్తాయి.

మర్నాటినుంచి ఆయన ఆఫీసుకు రాలేదు. చెప్పినట్టే ఇంట్లో కూర్చున్నాడు. నా ఉద్యోగం ఖాయమైంది. డిక్షనరీ బైండై వచ్చేలోపల ఆయన పోయాడు. నేను కొత్త పుస్తకమూ ‘కీప్’ పెట్టే తీసుకుని వ్యాసర్పాడిలో వాళ్ళింటికి వెళ్ళాను. రైల్వే యార్డు పక్క సందులో ఒంటిగది ఇల్లు. ఆయన భార్య పుస్తకాన్ని కళ్ళకద్దుకుని గూట్లో పెట్టింది. పెట్టె వద్దని, నీ దగ్గరే పెట్టుకో అంది.

ఇప్పుడా సందు లేదు, అచ్చాఫీసు మేడా లేదు, ఆ డిక్షనరీని పాతకాగితాల అంగడిలో కూడా నేను చూసి చాలా ఏళ్ళయింది. మనవడి ఫోనులో పాలూ ఉన్నాయి, కుక్కా ఉంది, గార్డు పలకరింపూ ఉంది. వాటిని ఎవరు విన్నారో, ఏ వీధిలో ఆగి రాసుకున్నారో లేదు. అన్నీ ఉన్నచోట ఎవరూ దేనికోసమూ మూడు వారాలు ఆలోచించరు. అది మంచిదే కావచ్చు. నేనే ఇంకా ఆ గార్డు చీటీకి సరైన తెలుగు దొరక్క, కొత్త పెట్టెలో దాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను.

పుస్తకం ఇచ్చిన ఆ రోజు వాళ్ళింట్లో కాఫీ తాగి లేచి, ఊరికే పోలేక, పెద్దాయన రాసిన మాట అచ్చులో బాగా వచ్చిందమ్మా, అంతా వచ్చింది, నేనే చదివి వినిపించాను అని చెప్పాను. ఆవిడ గ్లాసు తీసుకుని, తొణికిన కాఫీ కొంగుతో తుడుస్తూ, నావైపు చూడకుండానే చెప్పింది.

‘ఆయనకి తెల్సు నాయనా. ఆ పొద్దే వచ్చి చెప్పినాడు, కాగితం జానెడే ఉండాది, పిల్లోడు మాత్రం గంటసేపు చదివినాడు అని. కండ్లు పోయినాయి గానీ చేతులు యాడికీ పోలేదు గదా.’