మా మామా, నా టెస్లా కాయిలూ

మా మామకు నేనంటే గిట్టదు. నాకూ ఆయనంటే గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. ఆయన కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. సుల్తానాబాద్‌లో ఆయన కట్టిన ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. అత్తమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. నా భర్త దుబాయ్‌లో ఏసీల పని చేస్తాడు. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. మామతో మాట్లాడే అవసరం అన్నం పెట్టేటప్పుడే వచ్చేది. అప్పుడు కూడా ఆయన నాతో అనేవాడు కాదు, గోడతో అనేవాడు. "ఉప్పెక్కువైంది" అని గోడకు చెప్పి లేచిపోయేవాడు.

మాది ఉట్నూర్. మా వైపు మాటలో మరాఠీ కలుస్తుంది. నేనేదైనా అంటే ఆయన దాన్ని నా యాసలోనే తిప్పి అనేవాడు. చర్చి నుంచి ఎవరైనా ఇంటికొస్తే "అడివిల నుంచి తెచ్చుకున్న కోడలు" అని పరిచయం చేసేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళేదాన్ని.

ఆ ఏడాది క్లాసులో ఇండక్షన్ పాఠం చెప్తుంటే, ఫోన్లో చూసిన టెస్లా కాయిల్ మెరుపులు నిజమేనా అని పిల్లలు అడిగారు. నిజమే, చేసి చూపిస్తానన్నాను. ప్రిన్సిపాల్ మాత్రం ల్యాబులో జాగా లేదన్నాడు. ఇంట్లో చేసుకుని సైన్సు ఎగ్జిబిషన్ రోజు పట్టుకురమ్మన్నాడు. అలా ఆ కాయిల్ మా ముందు గదిలో, కిటికీ కింద మొదలైంది.

అదేం బ్రహ్మవిద్య కాదు. పాత నియాన్ బోర్డుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి బోర్డులు చేసే దుకాణంలో దొరికింది. అది కెపాసిటర్లను నింపుతుంది. అవి నిండగానే కరెంటు రెండు లోహపు కొసల మధ్య ఖాళీని, అంటే స్పార్క్ గ్యాప్‌ను దాటి, కింద చుట్టిన రాగి గొట్టంలోకి దూకుతుంది. ఆ చుట్ట నడుమ ఒక పీవీసీ పైపు నిలబడి ఉంటుంది. దాని నిండా సన్నటి వైండింగ్ వైరు చుట్టాలి, ఒక చుట్టు మీద ఇంకోటి ఎక్కకుండా. దసరా సెలవులన్నీ ఆ చుట్టడంలోనే పోయాయి. కింది చుట్టలోనూ పై చుట్టలోనూ కరెంటు ఒకే లయలో ఊగితే పైపు కొసన బోర్లించిన గిన్నె నుంచి గాలిలోకి మెరుపు రావాలి.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు రెండు వేళ్ళ పొడుగు నిప్పు వచ్చింది. చప్పుడు మాత్రం వీధి దాకా వెళ్ళింది. మామ గడపలో నిలబడి చూశాడు.

"గింత దానికి గింత లొల్లా? పొయ్యి ముట్టిచ్చే లైటర్ నయం," అన్నాడు. ఆ ఒక్కసారి గోడతో కాదు, నాతోనే.

ఆ మాట నాకు పట్టుకుంది. కాలేజీ నుంచి రాగానే చీర మార్చుకుని కాయిల్ ముందు కూర్చునేదాన్ని. ముందు లయ సరిచూశాను. రాగి గొట్టం మీద క్లిప్పును ఒక్కో చుట్టూ బయటికి జరుపుతూ, ఎక్కడ నిప్పు పెరుగుతుందో అక్కడ ఆపాను. ప్రతిసారీ ప్లగ్గు పీకి, కెపాసిటర్లను కర్రకు కట్టిన తీగతో తాకించి ఖాళీ చేశాకే చెయ్యి పెట్టేదాన్ని. గిన్నె తీసేసి వంటింటి చిమ్నీకి వాడే అల్యూమినియం గొట్టాన్ని గుండ్రంగా వంచి పెట్టాను. పైన బరువు పెరిగితే లయ తగ్గుతుంది కాబట్టి క్లిప్పు మళ్ళీ బయటికి జరపాల్సి వచ్చింది. స్పార్క్ గ్యాప్ ఎర్రగా కాలి అతుక్కుపోతుంటే ఒక్క గ్యాపును కొన్ని చిన్న గ్యాపులుగా విడగొట్టి, పాత కంప్యూటర్ ఫ్యాన్‌తో గాలి కొట్టించాను. నిప్పు నాలుగు వేళ్ళకు పెరిగింది. అక్కడే ఆగిపోయింది.

మామ ఊరుకోలేదు. నేను స్విచ్ మీద చెయ్యి వేసే వేళకు సరిగ్గా మెయిన్ ఆఫ్ చేసేవాడు. అడిగితే ఫ్యూజు చూస్తున్నానని గోడకు చెప్పేవాడు. వారానికోసారి కొడుకుకు ఫోన్ చేసి, నాకు వినపడేలా, "నీ పెండ్లాం ఇల్లు కాల్వెడ్తది, జర చెప్పుకో" అనేవాడు. నా భర్త నాకు ఫోన్ చేసి ఓపిక పట్టమనేవాడు. నువ్వొచ్చి పట్టు అన్నాను ఒకసారి. తర్వాత చాలా రోజులు నాకు ఫోన్ చేయలేదు.

ఒకరోజు కాయిల్ ఆడుతుండగా మామ గదిలోని టీవీ బాక్సు పోయింది. తప్పెక్కడో నాకు వెంటనే తెలిసింది. కాయిల్ అడుగు కొసను ఇంటి వైరింగ్ ఎర్త్‌కే కలిపాను. సెకనుకు లక్షలసార్లు ఊగే కాయిల్ కరెంటు అలాంటి తీగల్లో సాఫీగా దిగదు, ఇల్లంతా తిరుగుతుంది. నిప్పు పెరగకపోవడానికీ కారణం అదే. మామ చచ్చిన బాక్సును తెచ్చి నా కంచంలో పెట్టి వెళ్ళాడు. కొత్తది తెచ్చి బిగించాను. ఆయన టీవీ పెట్టడం మానేశాడు.

కాయిల్‌కు వేరే ఎర్త్ కావాలి. వాకిట్లో ఒక మూల చిన్న గుంట తవ్వుకుంటానని ఆయన్నే అడిగాను. కరెంటు ఊగే వేగం వేరైతే దారి వేరుండాలని నాకు చేతనైనంతలో చెప్పాను. ఎర్త్ ఎర్తే, రెండు రకాలుండవు అన్నాడు. తర్వాత లేచి నిలబడి ఇలా అన్నాడు:

"గీ జాగ నేను గొన్న. గీ ఇల్లు నేను కట్టిన. ఇండ్ల గుంట తవ్వుడంటే నన్ను పెట్టుడానికే తవ్వాలె. గప్పటిదాంక ఆగు."

నేను ఆగలేదు. ఆ ఆదివారం చర్చికి రానన్నాను. ఆయన గేటు దాటగానే గడ్డపార తీశాను. నేల రాయిలా ఉంది. నీళ్ళు పోస్తూ, తవ్వుతూ, రాగి రాడ్డును సుత్తెతో దిగ్గొట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి తడిపాను. చేతులు బొబ్బలెక్కాయి. కిటికీలోంచి వెడల్పాటి రాగి పట్టీ లాగి కాయిల్ అడుగుకు కలిపాను. మామ తెల్ల బట్టల్లో, చంకలో బైబిలుతో తిరిగొచ్చి గుంట దగ్గర ఆగాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. అన్నం కూడా తినకుండా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నం స్విచ్ వేశాను. ఈసారి చప్పుడే వేరు. ఊదారంగు నిప్పు గాలిలోకి జానెడుకు పైగా సాగి, కొమ్మలేసి, మళ్ళీ మళ్ళీ లేచింది. నేను వెనక్కి జరిగి గోడకానుకుని నిలబడ్డాను. అన్ని సాయంత్రాల పని అది. ఒంటరిగా ఉన్నా నవ్వొచ్చింది.

తలుపు తెరుచుకుంది. మామ తన ఉద్యోగం నాటి డిశ్చార్జ్ రాడ్ పట్టుకుని బయటికొచ్చాడు. పని మొదలుపెట్టే ముందు తీగల్లో మిగిలిన కరెంటును నేలకు దించే పొడుగాటి కర్ర అది. దాని తీగ కొసనున్న క్లిప్పును వాకిట్లో నేను పాతిన రాడ్డుకే తగిలించి తిరిగి లోపలికొచ్చాడు. ఏం చేయబోతున్నాడో అర్థమై స్విచ్ వైపు పరిగెత్తాను. నాకంటే ముందు ఆయన కర్ర కొస కాయిల్ తలను తాకింది. పైన మెరుపు ఆగిపోయింది. గ్యాపులు కీచుమన్నాయి. రాగి చుట్ట నుంచి పైపు మీదికి నిప్పు పాకింది. నేను ఆఫ్ చేసేలోగా వైండింగ్ అడుగు నల్లటి గీతలా కాలి, ప్లాస్టిక్ కమురు వాసన గదినిండా కమ్ముకుంది.

"ఏం చేసినవ్ మామా?"

"లైన్ డెడ్ చేసిన," అన్నాడు. "నా ఇంట్ల నాకు చెప్పకుంట చార్జ్ చేసిన లైన్‌ను గిట్లనే సంపుత. నాతోని పనిచేసే జోడీగాడు స్తంభం మీద కాలిపోయిండు, నా కండ్ల ముందట. గా వాసన నీకు తెల్వది. నీకు ఆట గీ కరెంట్."

"నాకు తెల్వదు. అందుకే స్విచ్ దూరం పెట్టుకున్న. నీ లెక్క కట్టె వట్టుకోని మీదికి పోలే."

"నోరు లేస్తుంది."

"లేస్తది. ఇగ ఈ ఇంట్ల లెవ్వది. నేను పోతున్న."

ఆయన కర్రను తీగతో సహా చుట్టుకుని గదిలోకి వెళ్ళాడు. ఆపలేదు. ఆపుతాడని నేనూ అనుకోలేదు.

ఆ వారంలోనే కరీంనగర్‌లో కాలేజీ దగ్గర ఒక గది తీసుకున్నాను. కొత్త పైపు కొన్నాను, మొదటిదానికంటే లావుది. మళ్ళీ మొదటి చుట్టు నుంచి చుట్టాను. చుడుతున్నంతసేపూ ఆయన్ను తిట్టుకున్నాను, కొన్నిసార్లు పైకే. ఈసారి పైపును రాగి చుట్టకు కాస్త పైకెత్తి నిలబెట్టాను, కింద నిప్పు పాకకుండా.

ఎగ్జిబిషన్ రోజు ల్యాబు కిటికీ బయట మొక్కల పాదులో రాడ్డు దిగ్గొట్టి కాయిల్ పెట్టాను. గదిలో లైట్లు ఆర్పి స్విచ్ వేస్తే నిప్పు మూరెడుకు దగ్గరగా సాగింది. పిల్లల అరుపులకు పక్క క్లాసులు ఖాళీ అయ్యాయి. ప్రిన్సిపాల్ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని చూసి, ఇది పరీక్షలో వస్తుందా మేడమ్ అని అడిగాడు. రాదన్నాను. మరుసటి రోజు నుంచి నాకు సాయంత్రం స్టడీ అవర్లు వేశాడు.

వేసవిలో నా భర్త సెలవు మీద వచ్చాడు. కొన్ని రోజులు తండ్రి దగ్గర ఉన్నాడు, కొన్ని రోజులు నా గదిలో ఉన్నాడు. నన్ను తిరిగి రమ్మని ఒకసారి అడిగాడు, రానన్నాను. తండ్రిని ఏమన్నా అడిగాడో లేదో నాకు చెప్పలేదు.

ఆ సెలవులోనే చుట్టాల పెళ్ళిలో మామా నేనూ భోజనాల దగ్గర ఎదురుపడ్డాం. చుట్టూ మనుషులున్నారు కాబట్టి ఆయన మాట్లాడాల్సి వచ్చింది.

"గా మిషన్ ఇప్పుడెంత కొడ్తుంది?"

"మూరెడు."

"అయితే ఎవలన్న సస్తరు," అని కంచం పట్టుకుని ముందుకు పోయాడు.

నేను వడ్డించుకున్నది తినబుద్ధి కాలేదు. కానీ ఆయన అవతలి నుంచి చూస్తున్నాడని మొత్తం తిన్నాను.